పెట్టె వచ్చింది, ప్రింటు బాగుంది

కదిరిలోని శ్రీ చౌడేశ్వరి టాకీసులో తిమ్మప్ప ముప్పై ఆరేళ్లు బొమ్మ ఆడించాడు. కొత్త సినిమా శుక్రవారం విడుదలంటే రీళ్ల పెట్టె గురువారం తొలి బస్సు మీద వచ్చేది. పోస్టర్లు అంటించే రామాంజనేయులు దానిని రిక్షాలో తెచ్చి క్యాబిన్ మెట్ల కింద దించేవాడు. ఏడు గంటలకల్లా తిమ్మప్ప మొదటి రీలు ఎక్కించేవాడు. టికెట్ల గుమాస్తా, గేటు దగ్గర నిలబడేవాళ్లు, హాలు ఊడ్చే నరసమ్మ తలా ఒక టీ గ్లాసు పట్టుకొని ఖాళీ కుర్చీలలో కూర్చునేవారు. అది వినోదం కాదు, పని. ఎక్కడ గీతలున్నాయో, ఎక్కడ అతుకు ఊడివస్తుందో, ఏ ముక్క పోయిందో చివరిదాకా చూసి తెలుసుకోవాలి. చూడడం పూర్తయ్యాక తిమ్మప్ప పాత టికెట్టు వెనుక ఒక మాట రాసి యజమానికి పంపేవాడు: "పెట్టె వచ్చింది. ప్రింటు బాగుంది." ఆ చీటీ అందనిదే యజమాని బుకింగు తెరిచేవాడు కాడు. రామాంజనేయులు మాత్రం ఆ వార్తను అంతకుముందే అభిమాన సంఘం కుర్రకారుకు మోసేవాడు. "తిమ్మప్ప చూసినాడంట, బాగుందంట" అన్న మాటకు ఊళ్లో అంత విలువ ఉండేది.

చట్టమంటే అతనికి భయం కన్న గౌరవం ఎక్కువ. హాలు లైసెన్సు ఒకటి, ఆపరేటరుగా తన లైసెన్సు ఒకటి అద్దపు చట్రాలలో బిగించి క్యాబిన్ గోడకు తగిలించుకున్నాడు. ఏటా వచ్చే తనిఖీ అధికారి పుస్తకంలో అతని పేరు పక్కన ఒక్క ఆక్షేపణ కూడా రాయలేదు. ఒకసారి ఆటకు రీలు ఎక్కిస్తుండగా సెన్సారు సర్టిఫికెట్టు ముక్క చిరిగిపోయింది. హాలు నిండింది, ఈలలతో కప్పు లేచిపోతోంది. యజమాని మెట్లెక్కి వచ్చి కేకలేశాడు. తిమ్మప్ప కదలలేదు.

"సర్టిఫికెట్టు పడకుండా బొమ్మ పడదు సామీ. నన్ను తీసేయాలంటే తీసేయండి" అన్నాడు.

అనంతపురం నుంచి ఆ ముక్క వచ్చేదాకా, అంటే రెండున్నర గంటలు, జనం కూర్చునే ఉన్నారు.

తల్లి లేని కూతురు కళ్యాణి ఆ క్యాబిన్‌లోనే పెరిగింది. రెండు ప్రొజెక్టర్ల నడుమ ముక్కాలిపీట వేసుకొని ఎక్కాలు వల్లె వేసేది. రీలు ముగిసే ముందు తెర మీద కుడివైపు పై మూలలో ఒక చుక్క మెరుస్తుంది. అప్పుడు రెండో మిషన్ తిప్పాలి. క్షణాల తరువాత ఇంకో చుక్క మెరుస్తుంది. అప్పుడు దీపం మార్చాలి. మొదటి చుక్కకు తిమ్మప్ప చూపుడువేలు పైకెత్తేవాడు, రెండో చుక్కకు దించేవాడు. వేలు దిగగానే చిన్న కళ్యాణి పిడి లాగేది. కింద ఉన్న ఎనిమిది వందల మందికీ ఆ మార్పు తెలిసేది కాదు. తెర మీద రెప్పపాటు కూడా చీకటి పడనివ్వకపోవడమే తన విద్య అని తిమ్మప్ప చెప్పుకొనేవాడు.

తరువాత రీళ్లు పోయాయి. పెట్టె బస్సు మీద కాకుండా ఆకాశం గుండా రావడం మొదలైంది. మిషన్లు పాత ఇనుముగా వెళ్లిపోయాయి. టాకీసు స్థానంలో కల్యాణమండపం లేచింది. కళ్యాణి హైదరాబాదులో చదివి, నానక్‌రామ్‌గూడలోని ఒక కంపెనీలో సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు రాసే పనిలో చేరింది. హఫీజ్‌పేట్‌లో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకొని తండ్రిని తెచ్చుకుంది. ఆమె షేర్ ఆటో ఎక్కి వెళ్లాక, తిమ్మప్ప పప్పు ఉడకేసి, బట్టలు ఆరేసి, రైల్వే స్టేషను పక్కనున్న టీ కొట్టు దాకా నడిచి వచ్చేవాడు. అతని స్నేహమంతా ఫోనులోనే ఉండేది. 'చౌడేశ్వరి టాకీస్ స్టాఫ్' అన్న వాట్సాప్ గుంపులో తొమ్మిది మంది మిగిలారు. పొద్దున దేవుడి బొమ్మలు పెట్టుకుంటూ, నెలకొకరి మోకాళ్ల నొప్పి గురించి ఆరా తీసుకుంటూ ఉండేవారు.

కళ్యాణి ఆఫీసులో విడుదల కాని సినిమాలకు కట్టుదిట్టాలు ఎక్కువ. ఫోను బయట అరలో పెట్టి తాళం వేసి లోపలికి వెళ్లాలి. కానీ ఆ నెలలో ఒక పెద్ద సినిమా విడుదల తేదీ హఠాత్తుగా ముందుకు జరిగింది. శని, ఆదివారాలు ఇంట్లో పని చేయడానికి ఒప్పుకొని, కంపెనీ ఆమె చేత హామీపత్రం రాయించుకుంది. తలుపు మూసిన గదిలో, మరో మనిషి చూడకుండా పని చేస్తానని ఆమె సంతకం చేసింది. ఎవరికి ఇచ్చిన కాపీలో వారి సంఖ్య కంటికి కనిపించని చుక్కలుగా దాగి ఉంటుందని ఆమెకు తెలుసు. తండ్రికి ఆ సంగతి చెప్పవలసిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు.

శనివారం పదకొండు గంటలకు ఆమె తలుపు తెరిచి పిలిచింది.

"నాయనా, ఒక్క నిమిషం ఇట్ల రా. ఈడు చేతికెత్తినాడే, అది గొర్రా, గుంటకా? తప్పు రాస్తే మనూరోళ్లు నవ్వుతారు."

సినిమా కథ సీమలో జరుగుతుంది. కథానాయకుడు పొలంలో తన మీదికి వచ్చినవాళ్లను చేతికందిన పనిముట్టుతో కొడుతున్నాడు.

"గుంటక మా. గొర్రుకు పండ్లుంటాయి. అయినా దాన్ని ఒంటిచేత్తో ఎత్తినాడంటే వీడు మనిషేనా?" అన్నాడు తిమ్మప్ప.

కళ్యాణి నవ్వింది. అంతలో గ్యాస్ సిలిండర్ వచ్చిందని కింద నుంచి వాచ్‌మన్ పిలిచాడు. ఆమె మెట్లు దిగింది. లిఫ్టు పని చేయడం లేదు. సిలిండరు పైకి చేరడానికి పది నిమిషాలకు పైగా పట్టింది.

తిమ్మప్ప తెర ముందు ఒంటరిగా కూర్చున్నాడు. పదేళ్లుగా అతను విడుదలకు ముందు ఏ సినిమానూ చూడలేదు. ఇప్పుడు తన ఇంట్లో, తన కూతురి బల్ల మీద, ప్రపంచంలో ఇంకెవరూ చూడని బొమ్మ ఉంది. ఛాతీలో ఏదో పాత మోటారు తిరగడం మొదలైంది. ఫోను తీశాడు. అంచులు వంకర పోకుండా, కిటికీ వెలుతురు తెర మీద పడకుండా పరదా సవరించి, మోచేతులు బల్లకు ఆనించి, ఆ పోరాటాన్ని ఒక నిమిషం నలభై ఎనిమిది సెకన్లు తీశాడు. గుంపులో పెట్టి దాని కింద రాశాడు: "పెట్టె వచ్చింది. ప్రింటు బాగుంది."

తాను దొంగతనం చేస్తున్నానన్న ఊహ అతనికి రాలేదు. చీటీ రాసి కిందికి పంపానని మాత్రమే అనుకున్నాడు.

సోమవారం ఉదయం టీ కొట్టు దగ్గర నలుగురు కుర్రవాళ్లు ఒకే ఫోను మీదికి వంగి ఉన్నారు.

"అరే, సౌండ్ పెంచు భాయ్. ఇగ వస్తది చూడు కుక్కర్!"

"హీరో ఏమో తలకాయలు పగలగొడ్తుండు, ఎన్క ఆంటీ పప్పు వండుతుంది. గిదేం బీజీఎం రా నాయనా!"

"ఆంటీ దొర్కితే ఇగ జైల్లనే వంట."

అందరూ పగలబడి నవ్వారు. తిమ్మప్ప టీ గ్లాసు పట్టుకొని దగ్గరికి వెళ్లాడు. గుంటక గాలిలోకి లేచింది. దాని వెనుక సన్నగా మొదలై, తెగిపోతున్నట్టు వణికి, చివరకు గట్టిగా కూసిన కుక్కరు విజిల్ వినబడింది. వాషర్ అరిగిపోయినందువల్ల అలా కూస్తుంది. మార్చాలని నెల రోజులుగా అనుకుంటూనే ఉన్నాడు. శనివారం ఆ పప్పు వండినది తానే.

ఇంటికి చేరేసరికి గుమ్మం ముందు చెప్పులు కనబడ్డాయి. లోపల ఇంకా ఆఫీసుకు బయలుదేరని కళ్యాణి ఎదుట సైబర్ క్రైమ్ ఠాణా ఎస్సై అనూష, ఒక కానిస్టేబులు, కళ్యాణి పైఅధికారి భానుశ్రీ ఉన్నారు. భానుశ్రీ కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మూడేళ్లుగా నిన్ను నమ్మి పెద్ద సినిమాలన్నీ నీకే ఇచ్చాను కళ్యాణీ. నిర్మాతకి నేనేం చెప్పాలి?" అంటోంది ఆమె.

"కాపీ నాదే మేడమ్. సంఖ్య నాదే. తప్పు నాదే" అంది కళ్యాణి.

అప్పుడామె తండ్రిని చూసింది. తండ్రి ముఖం చూశాక ఆమెకు ఇక అడగవలసినది మిగలలేదు. ఆ క్షణం దాకా కంపెనీ కంప్యూటరులోకి ఎవరో చొరబడ్డారని ఆమె ఆశపడుతూ ఉంది. ఆమె ఒకసారి కళ్లు మూసుకొని తెరిచి, తల అడ్డంగా ఊపింది. మాట్లాడవద్దని దాని అర్థం.

పోలీసులు ల్యాప్‌టాప్‌ను, ఆమె ఫోనును తీసుకొని రసీదు ఇచ్చారు. మరునాడు పది గంటలకు ఠాణాకు రావాలని నోటీసు ఇచ్చారు. భానుశ్రీ గుర్తింపు కార్డు అడిగి తీసుకుంది.

వాళ్లు వెళ్లాక తిమ్మప్ప ఫోను తీసి గుంపులోని వీడియో చెరిపేశాడు.

"గుంపులో తీసేసినా మా. ఇప్పుడే తీసేసినా."

"నీ ఫోనులో తీస్తే నీ ఫోనులోనే పోతాది నాయనా. లోకంలో పోదు."

"నేను ఎవురికీ అమ్మలేదే. రామాంజనేయులుకు, నరసమ్మకు..."

"తెలుసు." అంది కళ్యాణి. "నువ్వు నోరు తెరవొద్దు. ఉద్యోగం ఎట్లాగూ పోయింది. నా పేరే ఉండాది, నా పేరే ఉండనీ. అరవై తొమ్మిదేండ్లకు నిన్ను లోపల పెడితే నేను తట్టుకోలేను."

సాయంత్రం తిమ్మప్ప కూతురికి చెప్పకుండా కింది అంతస్తుకు దిగాడు. అక్కడ భీమేశ్వరరావు అనే న్యాయవాది ఉంటాడు. రాజమండ్రి మనిషి. మొక్కలకు నీళ్లు పోస్తూనే మొత్తం విన్నాడు.

"చూడండి తిమ్మప్పగారూ, చట్టం మీ పాతస్నేహాలు చూడదండి. తీసిందెవరు, పంపిందెవరు, అంతే చూస్తుంది. కాపీరైట్ చట్టం కింద ఆరు నెలలకి తగ్గకుండా మూడేళ్ల దాకా శిక్ష ఉందండి. కోర్టు దయదలిస్తే తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు."

"నేను చెప్తే నా కూతురు బయటపడతాదా సార్?"

"ఉద్యోగం విషయం నేను చెప్పలేనండి. హామీ తప్పింది కదా. కేసు నుంచి మాత్రం బయటపడే దారి ఉంది." భీమేశ్వరరావు చెంబు కింద పెట్టాడు. "అయితే ఊరికే వదలరండి. సాక్షిగా పెడతారు. ఆ గదిలో ఎవరున్నారో, ఆ సినిమా ఎవరికి చూపించిందో కోర్టులో ఆవిడ నోటితోనే చెప్పాలి. మీ ఎదురుగా నిలబడి, మీ మీద చెప్పాలి. ఆ అమ్మాయి చెప్పగలదా?"

తిమ్మప్ప ఆ చెంబు అందుకొని, మిగిలిన కుండీలకు తానే నీళ్లు పోశాడు.

మరునాడు ఉదయం కళ్యాణి స్నానానికి వెళ్లినప్పుడు అతను చొక్కా వేసుకొని బయలుదేరాడు. ఆమె ఠాణాకు చేరేసరికి అతను ఎస్సై ఎదుట కూర్చొని ఉన్నాడు. ఫోను బల్ల మీద ఉంది.

"ఏం పెద్దాయనా, బిడ్డను బచాయించనీకి వచ్చిన్రా?" అనూష మాటలో ఎగతాళి లేదు, అలసట ఉంది. "రోజుకు ఇద్దరు తండ్రులు వస్తరు గిట్ల. నేనే చేసిన అంటరు. ఫోన్ల కెమెరా ఏడుందో కూడ తెల్వది."

"పరదా సవరించినానమ్మా. కుడి పక్క కిటికీ ఉండాది. వెలుతురు పడితే నలుపు తెల్లబడతాది. మోచేతులు బల్లకు ఆనించినా. నాలుగు అంచులూ సరిగ్గా ఉండాయో లేదో చూసుకోండి."

అనూష వీడియో పెట్టి చూసింది. ఇంకోసారి చూసింది.

"మావోళ్లు నిన్ననే అన్నరు. దొంగ వీడియోలు మస్తు చూసినం, గింత నీట్‌గ తీసినోడు పనితనం తెల్సినోడే అని." ఆమె కలం తీసింది. "ఎవరికి పంపిన్రు?"

ఆ ప్రశ్నకు తిమ్మప్ప సిద్ధపడి రాలేదు. తన నేరం తాను ఒప్పుకుంటే చాలుననుకున్నాడు.

"మా హాలు వాళ్లకమ్మా. ముసిలోళ్లు. వాళ్లకేం తెలీదు."

"తొమ్మిది మంది ఉన్నరు. ఒకరు ముందుకు పంపిన్రు. మీరు చెప్పకపోయినా ఫోన్ చెప్తది. కానీ మీరు చెప్తే, మీ బిడ్డ తియ్యలేదని మీరు చెప్పింది కూడ నిజమే అని రాసుకుంట."

తలుపు దగ్గర కళ్యాణి నిలబడి ఉంది. జడ ఆరక ముందే పరుగెత్తి వచ్చింది. "నాయనా, వద్దు" అంది.

తిమ్మప్ప ఆమెను చూశాడు. టాకీసు ఉన్నన్నాళ్లూ తనకు పెట్టెలు మోసిన మనిషి పేరు చెప్పాడు. "రామాంజనేయులు. అభిమాన సంఘానికి పంపింటాడు. వాడెప్పుడూ మొదట వాళ్లకే చెప్తాడు."

బయటికి వచ్చాక మెట్ల మీద కళ్యాణి అతని చొక్కా పట్టుకొని గుంజింది. "ఎందుకు చెప్పినావు? నేను ఒప్పుకుంటే నీకేం పోయింది?"

"రెండు మిషన్లు ఎందుకుంటాయి మా? ఒకటి ఆరిపోతాదని తెలిసినప్పుడే రెండోది వెలిగించాల. నా రీలు ఎట్లాగూ అయిపోవచ్చింది."

"సినిమా మాటలు చెప్పొద్దు నాయనా!" అని ఆమె అరిచింది. దారిన పోయేవాళ్లు తిరిగి చూశారు.

తిమ్మప్ప పదిహేడు రోజులు జైలులో ఉండి బెయిలు మీద వచ్చాడు. కదిరిలో పోలీసులు ఇంటికి వచ్చిన రోజు నుంచి రామాంజనేయులు అన్నం సరిగా తినలేదని, రెండో నెలలో పక్షవాతం వచ్చి పడిపోయాడని నరసమ్మ ఫోను చేసి చెప్పింది. "నువ్వు నా పేరు చెప్పలేదు గద తిమ్మప్పా?" అని ఆమె అడిగింది. ఆ ఫోను తరువాత గుంపులో నుంచి ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి తిమ్మప్ప ఒక్కడే మిగిలాడు. గుంపు మూసివేయడం ఎలాగో అతనికి తెలియదు.

కళ్యాణిని ఆ దారిలోని ఏ కంపెనీ కూడా సినిమా పనికి తీసుకోలేదు. జీడిమెట్లలోని ఒక మందుల కర్మాగారంలో సీసాల మీది లేబుళ్లు సరిచూసే పనికి ఆమె రెండు బస్సులు మారి వెళుతోంది. తండ్రితో అవసరమైనంతే మాట్లాడుతుంది. కుక్కరు వాషర్ మాత్రం ఎవరూ మార్చలేదు. పోలీసులు సాక్ష్యం కోసం కుక్కరునే తీసుకువెళ్లారు.

రెండో ఏట విచారణ మొదలైంది. తిమ్మప్ప మొదటి ముద్దాయి. రెండో ముద్దాయి రామాంజనేయులు మంచం మీద ఉన్నాడని వైద్యుడి కాగితం దాఖలైంది. కళ్యాణి మూడో సాక్షి.

ప్రాసిక్యూటరు ఆ వీడియోను కోర్టులో చూపించమన్నాడు. గుమాస్తా ల్యాప్‌టాప్‌ను గోడ మీది తెరకు కలిపాడు. బొమ్మ ఒక పక్కకు ఒరిగి, మసకగా పడింది. కిటికీలోంచి ఎండ సూటిగా తెర మీద కొడుతోంది. గుమాస్తా ఏవో మీటలు నొక్కుతున్నాడు. ముద్దాయిల చోట నిలబడిన తిమ్మప్ప వేళ్లు కటకటాల మీద కదిలాయి. కొంతసేపు ఓర్చుకున్నాడు.

"అయ్యా, ఆ కిటికీ మూయించండి. కింద ఒక పుస్తకం ఎత్తు పెడితే సరిపోతాది" అన్నాడు.

న్యాయమూర్తి తలెత్తి చూశారు. ఎవరో నవ్వు ఆపుకున్నారు. గుమాస్తా కిటికీ మూసి, ఒక చట్టం పుస్తకం తెచ్చి యంత్రం కింద పెట్టాడు. బొమ్మ నిలువుగా నిలిచింది. ఒక నిమిషం నలభై ఎనిమిది సెకన్లు ఎవరూ కదలలేదు. కుక్కరు కూసింది. బొమ్మకు ముందు సర్టిఫికెట్టు లేదన్న సంగతి తిమ్మప్పకు అప్పుడే తట్టింది. జీవితంలో ఒక్కసారి అది లేకుండా బొమ్మ వేశాడు.

"మీరు విన్న ఆ కుక్కరు ఎవరిది?" అని ప్రాసిక్యూటరు అడిగాడు.

కళ్యాణి బోనులో తల వంచుకొని నిలబడింది. సమాధానం రాలేదు. ప్రాసిక్యూటరు మళ్లీ అడిగాడు. తిమ్మప్ప తరపున వచ్చిన భీమేశ్వరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. న్యాయమూర్తి కలం పట్టుకొని ఎదురుచూస్తున్నారు. ఈ మూడో సాక్షి మాట మార్చితే ఆమె మీద ఏమేమి మోపవచ్చో ఆ గదిలోని నల్లకోట్లన్నిటికీ తెలుసు.

ఆమె తల ఎత్తింది. ఎదురుగా తండ్రి నిలబడి ఉన్నాడు. కటకటాల మీద ఆనించిన కుడిచేతి చూపుడువేలు పైకి లేచి ఉంది. నిటారుగా ఉంది.

కళ్యాణి ఆ వేలినే చూస్తూ ఊపిరి పీల్చుకుంది.

వేలు దిగింది.

"మాదే సార్" అంది ఆమె. "కుక్కరు మాదే. ఆ సినిమా నేనే చూపించినా. వీడియో తీసింది మా నాయన."

న్యాయమూర్తి చెబుతుంటే టైపిస్టు ఆ మాటలను వరుసగా కొట్టింది. గుమాస్తా యంత్రం కింది పుస్తకం తీసి, కిటికీ తెరిచాడు. కళ్యాణి సంతకం చేసి, ముద్దాయిల చోటు పక్కనుంచే నడుస్తూ ఆగలేదు. సాక్షి ముద్దాయితో అక్కడ మాట్లాడకూడదని భీమేశ్వరరావు ముందే చెప్పాడు. ఆమె చున్నీ అంచు కటకటాలకు తగిలి జారిపోయింది. ఎండ మళ్లీ తెర మీద పడింది. తిమ్మప్ప తెల్లబడిన ఆ తెరను చూస్తూ, తనను ఎప్పుడు కూర్చోమంటారా అని ఎదురుచూశాడు.